పసుపు పూసుకున్న బొద్దింక

మా వంటగదిలో సింకు కింద మోకాళ్ల మీద కూర్చుని, తల సగం అల్మారాలోకి దూర్చి టార్చిలైటు వేసి చూసిన మందు కొట్టే మనిషి బయటికి వచ్చి, ముక్కు తుడుచుకుని, నేను కలలో కూడా అనుకోని మాట అన్నాడు. "మేడమ్, గీ బొద్దింకలు కిందికెల్లి మీ ఇంట్లకు వస్తలేవు. మీ ఇంట్లకెల్లే కిందికి పోతున్నయి." సరిగ్గా చూశావా అని అడిగాను. ఇంకా సరిగ్గా చూడమని నన్నే కిందికి వంచాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వస్తువుల అట్టపెట్టెలన్నీ ఎప్పటికైనా పనికొస్తాయని నేను సింకు కింద మడతపెట్టి దాచుకున్నాను. వాటి మడతల్లో కాఫీ పొడి చల్లినట్టు సన్నటి పెంటికలు, చింతగింజ రంగులో చిన్న చిన్న గుడ్ల సంచులు, వాటి మధ్య మీసాలు ఊపుతూ ఒక బొద్దింక పెద్దమనిషి కనిపించారు. పైపు గోడలోకి దూరే చోట వేలు పట్టేంత సందు ఉంది. "గిదీ తొవ్వ" అన్నాడు ఆ మనిషి, ఊరికి కొత్తగా పడిన రోడ్డు చూపించినట్టు.

నాకు అప్పుడు సిగ్గు పడాలని తెలుసు. ఎందుకంటే మూడు నెలలుగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో బొద్దింకల మీద ధర్మోపన్యాసాలు ఇచ్చింది నేనే. "మా ఇల్లు అద్దంలా ఉంటుంది. కింది అంతస్తుల వాళ్లు కాస్త శుభ్రత పాటిస్తే అందరికీ మంచిది" అని రాసి, కింద రెండు దండాలు కూడా పెట్టాను. నాది మూడో అంతస్తు. నా కిందనే, రెండో అంతస్తులో, జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన స్రవంతి అనే అమ్మాయి ఉంటుంది, బ్యాంకులో పని చేస్తుంది. పేరు రాయలేదు గానీ ఎవరికి రాశానో గ్రూపులో ఉన్న నలభై మందికీ అర్థమయ్యేట్టే రాశాను. పాపం మంచి పిల్ల. ఈ మధ్య నేను లిఫ్టు దగ్గర నిలబడితే తను మెట్ల మీద నుంచి పోతుంది. ఈ కాలం పిల్లలకు వ్యాయామం మీద ఎంత శ్రద్ధో అని నేను వాచ్‌మన్ భార్యతో మెచ్చుకున్నాను కూడా. ఇంత జరిగాక సిగ్గు రావాలి కదా, నాకు మాత్రం నవ్వొచ్చింది. సింకు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. మందు కొట్టే మనిషి భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. నా ముఖం ఆ క్షణాన ఎలా ఉండి ఉంటుందో నాకు బాగా తెలుసు. అది మా నాయనమ్మ ముఖం. ఇదే ఆర్మూరులో, ఇక్కడి నుంచి పావుగంట నడిస్తే వచ్చే గల్లీలో, పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆ ముఖాన్ని నేను దగ్గర నుంచి చూశాను.

మా నాయనమ్మ పేరు రాజవ్వ. మా ఇంటికి ఆస్తి అంటూ ఏమీ లేదు గానీ వాకిట్లో ఒక రోలు ఉండేది, నల్లరాతిది, నేను అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేంత పెద్దది. గల్లీలో ఎవరింట పెళ్లి జరిగినా పసుపు ఆ రోట్లోనే దంచాలి. రోలు ఒక్కటే అయితే ఎవరైనా మోసుకుపోయేవాళ్లు. అసలు సంగతి నాయనమ్మది. పసుపు కొమ్ములు ఏరడంలో ఆమెను మించిన మనిషి లేదు. కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచేది, ఆ చప్పుడును బట్టి అది సరిగ్గా ఉడికిందో లేదో, ఎన్ని ఎండలు తిన్నదో చెప్పేసేది. పెళ్లివాళ్లు కొమ్ములు తెచ్చి ఇస్తే, వాటిని కొత్త గుడ్డలో మూటకట్టి ఎనిమిది రోజులు మా వంటర్రలో ఉట్టి మీద ఉంచేది. పెళ్లి పసుపు మా ఇంట్లో నిద్ర చేస్తేనే కలిసొస్తుందని గల్లీ నమ్మకం. ఆ తర్వాత ఐదుగురు ముత్తైదువలు వచ్చి, రోకలికి కంకణం కట్టి, పాటలు పాడుతూ దంచేవాళ్లు. నాయనమ్మ మాత్రం గడప లోపల నిలబడి చూసేది. ఆమెకు ఇరవై ఏళ్లు నిండకముందే తాత పోయాడు. రోకలి ఆమె ముట్టకూడదు. పెళ్లిళ్లలో ఆమెకు మిగిలిన చోటల్లా ఆ ఉట్టి, ఆ మూట, ఆ ఎనిమిది రోజులు. అందుకే మా వంటర్రను ఆమె గుడిని చూసుకున్నట్టు చూసుకునేది. "పసుపున్న ఇంట్ల పురుగు నిలవది" అని రోజుకు నాలుగుసార్లు అనేది, వినేవాళ్లు లేకపోతే పొయ్యితోనైనా అనేది.

మా వంటర్రకూ పక్కింటి సారమ్మ వంటర్రకూ గోడ ఒక్కటే. ఆ గోడ అడుగున రెండిళ్ల అంట్ల నీళ్లు పోయే మోరీ ఉండేది. సారమ్మ దవాఖానలో ఆయా. భర్త లారీ క్లీనరు. ఆదివారం పూట చర్చికి పోతూ మా వాకిట్లో ఆగి, "పోయొస్త అత్తమ్మా" అని చెప్పకుండా పోయేది కాదు. మనిషి దగ్గరికి వస్తే ఫినాయిలు వాసన వచ్చేది. నాకు ఆ వాసన చాలా ఇష్టం, నాయనమ్మకు అస్సలు పడేది కాదు. మా అమ్మ ఎప్పుడైనా ఒక బొద్దింకను చెప్పుతో కొడితే చాలు, నాయనమ్మ గోడకు వినపడేలా గొంతు పెంచేది. "దవాఖానకెల్లి ఎంబడి తెచ్చుకుంటది, మన మీదికి తోలుతది. ఏడికెల్లి వస్తయి మరి, ఆకాశంకెల్లి రాల్తయా?" గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఒక్క నిమిషం ఆగేది. మళ్లీ ఇంకా గట్టిగా మొదలయ్యేది. సారమ్మ పొద్దున్నోసారి సాయంత్రమోసారి ఇల్లు కడిగేదని అందరికీ తెలుసు. ఎందుకు కడిగేదో ఆలోచించే వయసు నాకు లేదు.

ఆ ఏడు మా గల్లీ చివరింటి లస్మక్క బిడ్డకు పెళ్లి కుదిరింది. బేస్తవారం పసుపు కొమ్ములు తెస్తామని కబురు వచ్చింది. సోమవారం పొద్దున అమ్మ బియ్యం చాట ఎత్తితే కింద నుంచి ఏడెనిమిది బొద్దింకలు దిక్కుకొకటిగా పరుగెత్తాయి. ఒకటి ఎగిరి నాయనమ్మ భుజం మీద వాలింది. లస్మక్క గానీ ఇది చూస్తే మూట ఇంకో ఇంటికి పోతుంది, ఒకసారి పోతే మళ్లీ ఈ ఉట్టికి రాదు. నాయనమ్మ కొంగుతో భుజం దులుపుకుని, సైన్యాన్ని పిలిచినట్టు నన్ను పిలిచింది. మా నాయన ఒక పసుపు వ్యాపారి గోదాములో బస్తాల మూతులు కుట్టే పని చేసేవాడు. కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము కింద రాలే పసుపు పొడి అక్కడ ఊరికే దొరికేది. ఇంట్లో అది ఒక బస్తాడు ఉంది. "గా గోడ పొడుగునా పొయ్యి. మోరీ సుట్టూ పొయ్యి. ఏలు మందం ఉండాలె. సారమ్మ ఇంట్లకెల్లి ఒక్కటి గీ గీత దాటి వస్తే నా పేరు రాజవ్వ కాదు" అంది.

అంత ఆనందమైన పని నాకు చిన్నతనంలో ఇంకొకటి దొరకలేదు. దోసిళ్లతో పోశాను, చాటతో పోశాను, చివరికి బస్తా పట్టుకుని ఈడ్చాను. గోడ పొడుగునా పొయ్యి అంటే పొయ్యి చుట్టూ, ఉట్టి కింద, నాయన పాత బస్తాలు పేర్చిన మూల చుట్టూ కూడా పోశాను. ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం పసుపు, చారు పసుపు, పిల్లి పసుపు. నాయన పని నుంచి వచ్చి, "నేను గోదాములకెల్లి బయటికి వచ్చిన్నా లేదా?" అని అమ్మను అడిగాడు. నాయనమ్మ ఒక్కతే తృప్తిగా ముక్కుపొడుం పీల్చి, పొడుంతో పాటు పసుపు కూడా పోవడంతో పదకొండు తుమ్ములు తుమ్మింది. నేను లెక్కపెట్టాను.

తెల్లారగానే లేచి గీత దగ్గరికి పరుగెత్తాను. పసుపు నిండా దారం లాగినట్టు సన్నటి జాడలు, ఒకటి కాదు, వంద. కళ్లు పెట్టి చూస్తే ఏది ఎటు పోయిందో అంతా చదువుకోవచ్చు. జాడలన్నీ మా బస్తాల మూలలో పుట్టి, పొయ్యి పక్క నుంచి వచ్చి, గీత దాటి, మోరీలో దిగి సారమ్మ ఇంటివైపు పోయాయి. అటు నుంచి ఇటు ఒక్కటీ లేదు. గొప్ప సంగతి కనిపెట్టానని గంతులేస్తూ నాయనమ్మను లాక్కొచ్చి చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది. నడుము పట్టుకుని లేచింది. "అవి ఎనకకు నడుస్తయి, నీకేం ఎర్క" అంది. ఆ రోజంతా నేను బొద్దింకలు వెనక్కి నడుస్తాయేమోనని ఒకదాని వెంట పడి తిరిగాను. అది నా పరిశోధనకు ఏమాత్రం సహకరించలేదు.

బేస్తవారం వచ్చింది. లస్మక్క ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో వచ్చి వాకిట్లో చాప మీద కూర్చుంది. ఇత్తడి పళ్లెంలో కొత్త గుడ్డ, గుడ్డలో కొమ్ములు. నాయనమ్మ ఒక కొమ్ము తీసి చెవి దగ్గర విరిచి, "మంచిగున్నయి" అంటూ ఉండగా సారమ్మ వచ్చింది. దవాఖాన చీర కట్టుకుని పనికి బయలుదేరిన మనిషి. చేతిలో ఒక పళ్లెం, పళ్లెం మీద బోర్లించిన గాజు గ్లాసు, గ్లాసులో ఒక బొద్దింక. మామూలు బొద్దింక కాదు. మీసాల నుంచి కాళ్ల దాకా పచ్చగా, నలుగు పెట్టిన పెళ్లికూతురులా నిగనిగలాడుతోంది. సారమ్మ ముఖంలో ఏళ్ల తరబడి దాచుకున్న మాట ఒకటి పెదవుల దాకా వచ్చి ఉంది, నేను చూశాను. అంతలో ఆమె చూపు లస్మక్క మీద పడింది, చాప మీద పడింది, పళ్లెంలో మూట మీద పడింది.

"గిదేందే సారమ్మా?" అంది లస్మక్క. నాయనమ్మ చేతిలో విరిగిన కొమ్ము అట్లాగే ఉంది. రెండో చేయి కొంగు అంచును పట్టుకుని నలుపుతోంది. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా అదంతా నాకు ఆట. ఆమె దగ్గర నుంచి ఏం పోబోతోందో ఆ వేళ్లు చెప్పాయి.

సారమ్మ ఒక్కసారి నాయనమ్మను చూసింది. "ఏం చెప్పాలె లస్మక్కా, మా ఇంట్ల బొద్దింకలు మస్తయినయి" అంది. "అత్తమ్మ దగ్గర ఇంత పసుపు తీస్కపోయి చల్లిన. సస్తయనుకుంటే గీ ముండలు పెండ్లికి తయారైనయి. అత్తమ్మకు చూపిద్దామని తెచ్చిన." ముగ్గురు ఆడవాళ్లూ పడి పడి నవ్వారు. లస్మక్క కళ్లు తుడుచుకుంటూ, "మా పొల్లకన్నా ముందే దీనికి నలుగైంది" అంది. మూట నాయనమ్మ చేతికి ఇచ్చి వెళ్లిపోయారు. వాళ్లు గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి, సారమ్మ పళ్లెం తెచ్చి నాయనమ్మ ముందు నేల మీద పెట్టింది. "ఇగ చెప్పు అత్తమ్మా. ఏడికెల్లి మొదలు పెడ్దాం?"

నాయనమ్మ క్షమించమని అడిగే మనిషి కాదు. మూటను రెండు చేతులతో పట్టుకుని సారమ్మకు అందించింది. "మా ఇల్లు సాఫ్ అయ్యేదాక నీ ఇంట్ల పెట్టు" అంది. అలా గల్లీ చరిత్రలో మొదటిసారి పెళ్లి పసుపు సారమ్మ వంటర్రలో, ఏసుప్రభువు పటం కింద నిద్ర చేసింది. ఈ సంగతి మా రెండిళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికైనా చెప్తే నాలుక కోస్తానని నాయనమ్మ నాకు విడిగా చెప్పింది.

ఆ రోజు సారమ్మ దవాఖానకు పోలేదు. కొంగు నడుముకు చుట్టి మా వంటర్రలో దూరింది. ఆమె వెతికే తీరు చూడాలి. బొద్దింకను వెతకదు, దాని ఇల్లు వెతుకుతుంది. ముక్కు ఎగబీల్చి, "పాత నూనె వాసన, గిటే" అంటుంది. నల్లటి పెంటికలు ఎక్కడ ఎక్కువ ఉన్నాయో అక్కడ ఆగుతుంది. అలా ఆగి ఆగి నాయన బస్తాల మూల దగ్గర నిలబడింది. గోదాములో చిరిగిన గోనె సంచులను నాయన ఇంటికి తెచ్చి, తీరిక దొరికినప్పుడు దబ్బనంతో కుట్టి తిరిగి ఇచ్చేవాడు. అవి పొయ్యి వెచ్చదనానికి దగ్గరగా మనిషెత్తు పేరుకుని ఉన్నాయి. సారమ్మ ఒక సంచి కుట్టు విప్పి చూపింది. కుట్టు పొడుగునా గుడ్లు, పూసల దండ గుచ్చినట్టు. మా నాయన తన చేత్తో కుట్టి, తన చేత్తో మోసి, ఊళ్లో బొద్దింకలన్నిటికీ ఇల్లు కట్టిచ్చాడన్నమాట. సాయంత్రం ఆయన వచ్చాక ఈ మాట చెప్తే, "నా కుట్టు అంత గట్టిది" అని మీసం తిప్పాడు.

పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి ఒకటి అరువు తెచ్చి వాకిట్లో మూడు రాళ్ల మీద పెట్టి నీళ్లు మరిగించారు. అమ్మ సంచి తెచ్చి దులుపుతుంది, సారమ్మ కట్టెతో ముంచుతుంది, నాయనమ్మ పక్కన నిలబడి బొద్దింకలను నోరారా తిడుతుంది. మొదటి సంచి దులపగానే పచ్చటి బొద్దింకలు వాకిలంతా పరుచుకున్నాయి. గల్లీ కోళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, రెక్కలు కొట్టుకుంటూ వచ్చి పడ్డాయి. కోడి వెంట కోడి, కోడి నోట్లో బొద్దింక, కోళ్ల వెనక నేను, నా వెనక పసుపు పిల్లి. నాయనమ్మ చీర కుచ్చిళ్లలోకి ఒకటి దూరింది. ఆమె ఎగిరిన ఎగురు చూసి సారమ్మ కట్టె వదిలేసి నేల మీద కూలబడి నవ్వింది. నాయనమ్మ తిట్టబోయి, తిట్టు సగంలో ఆగిపోయి, తనూ నవ్వింది. వాళ్లిద్దరూ కలిసి నవ్వగా నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

మర్నాడు కోళ్లను గంప కింద కప్పెట్టాక సారమ్మ బోరిక్ పౌడరు, గోధుమపిండి, చక్కెర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ కలిపి గోలీలంత ఉండలు చేసింది. పిల్లలకూ కోళ్లకూ అందని సందుల్లో పెట్టింది. మోరీకి ఇనుప జాలీ కొట్టించింది. అంట్లు తడిగా వదలొద్దని, తిండి మీద మూత తీయొద్దని అమ్మకు చెప్పింది. వారం తిరిగేసరికి మీసం కూడా కనిపించలేదు. దంచే రోజు పొద్దున్నే మూట గోడ మీదుగా మా ఇంటికి వచ్చింది.

ఐదుగురు ముత్తైదువలు వచ్చారు. రోకలికి కంకణం కట్టారు. కొమ్ములు రోట్లో పోశారు. గడప లోపల నిలబడిన నాయనమ్మ ఉన్నట్టుండి, "ఆగుండ్రి" అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. "ఆనాటి బొద్దింక మాదే లస్మా. సారమ్మది కాదు. గీ ఎనిమిది దినాలు నీ పసుపు మా ఇంట్ల లేదు, సారమ్మ ఇంట్ల ఉన్నది. నీకు మనుసుకు రాకపోతే తీస్కపో." అమ్మ తల పట్టుకుంది. నేను నా నాలుక భద్రంగా ఉందని నాయనమ్మకు చూపించాను.

లస్మక్క నెమ్మదిగా రోకలి గోడకు ఆనించింది. "నాకు ఆనాడే ఎర్క అత్తమ్మా. గల్లీల గంత పసుపు నీ ఇంట్ల గాక ఎవలింట్ల ఉంటది? ఆనాడు నీ కాళ్లు మోకాళ్ల దాక పచ్చగుండె. నేను నీ చెయ్యిని చూసి తెచ్చిన, నీ గోడలను చూసి కాదు." గల్లీ గల్లీయే నవ్వినట్టయింది. నాయనమ్మ ముక్కు చీది, "అయితే మొదటి పోటు సారమ్మది" అని తీర్పు చెప్పింది. గుంపులో ఒకామె ఏదో అనబోతే లస్మక్క ఆమె వైపు చూసింది, ఆమె ఊరుకుంది. సారమ్మ వచ్చి రోకలి ఎత్తింది. ఎత్తి దించలేదు. గడప దగ్గరికి పోయి నాయనమ్మ చేయి పట్టి లాక్కొచ్చి, ఆ చేతిని తన చేతి కింద రోకలి మీద పెట్టింది. "మీ కట్టుబాట్లు నాకు తెల్వయి లస్మక్కా. తప్పయితే మాఫ్ చెయ్యి" అంది. రోకలి దిగింది. నాయనమ్మ ఏడ్చిందో పసుపు కంట్లో పడిందో నేను అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత ఆమె ముట్టుకున్న రోకలి అది.

ఇప్పుడు ఆ గల్లీలో గోడలు ఎత్తు పెరిగాయి, మోరీలు నేల కిందికి పోయాయి. మా అపార్ట్‌మెంటులో ఎవరింట్లో ఏముందో ఎవరికీ తెలియదు, పైపులకు తప్ప. అప్పుడు నాయనమ్మ అనే మాట గోడకు తగిలి గిన్నెల చప్పుడై తిరిగొచ్చేది. నేను ఫోనులో రాసిన మాట ఎవరికి ఎక్కడ తగిలిందో నాకు వినపడలేదు. మందు కొట్టే మనిషి గోధుమ రంగు మందు చుక్కలు చుక్కలుగా పెడుతూ ఉంటే, నేను ఒక గాజు గ్లాసు తీసి అట్టపెట్టెల్లోని పెద్దమనిషి మీద బోర్లించాను. పళ్లెం దూర్చి, ఎత్తుకుని, రెండో అంతస్తుకు దిగి బెల్లు కొట్టాను.

స్రవంతి తలుపు తీసింది. నన్ను చూడగానే ఆమె ముఖం వాడిపోయింది. గ్లాసు చూసి రెండు చేతులూ జోడించబోయింది. "ఆంటీ, మొన్ననే మళ్లా మందు కొట్టిచ్చిన, గియి గూడ పోతయి..." అంటోంది. "నీది కాదు బిడ్డా, ఇది మాదే" అన్నాను. "అన్నీ మావే. గ్రూపులో ఇప్పుడే రాస్తాను."

ఆమె కాసేపు నన్నూ గ్లాసునూ మార్చి మార్చి చూసింది. తర్వాత గుమ్మంలోనే నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది, కళ్లు కూడా తుడుచుకుంది. "మూడు నెలల సంది మీకు మొఖం చూపియ్యలేక మెట్లెక్కుతున్న ఆంటీ" అంది.